మామూలు నీళ్ళ వరస

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా అబ్బాయి అంటాడు. ఉంటుంది మరి. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చుని, "ఇంకా కలపలేదేం, ఇంకా కలపలేదేం" అని అరిచేవాళ్ళ అరుపులు చెవుల్లో పోసుకున్న మనిషికి శాంతం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే నేను మా కోడలి గురించి నోరు విప్పానంటే వినేవాళ్ళు ముందు తిట్లే వస్తాయనుకుంటారు. కాసిని తిట్లూ ఉన్నాయి లెండి. కానీ నేను చెప్పబోయేది మాత్రం గొప్పే. నా కోడలి గొప్ప నేను చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మా వీధిలో దాన్ని వేర్ల డాక్టరమ్మ అంటారు. డాక్టరూ కాదు, గీక్టరూ కాదు. కూరగాయల పరిశోధన కేంద్రంలో టెక్నికల్ అసిస్టెంటు. వాళ్ళ నాన్నకు సైకిలు రిపేరు షాపు ఉండేది. మామూలు డిగ్రీ చదివి, ఆ కేంద్రంలోనే విత్తనాల ప్యాకెట్లు అమ్మే కౌంటర్లో చేరింది. మా వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఒకరోజు ఆ కేంద్రంలో లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని వెళ్ళి తలుపులు విడదీస్తే, లోపల ఈ పిల్ల నారు ట్రే ఒకటి పట్టుకుని నిలబడి ఉందట. ఎవరైనా "బతికించారు బాబూ" అంటారు. ఇది "ముందు ట్రే అందుకోండి, పక్కకు వంచొద్దు" అందట. మా వాడు ట్రే వంచకుండా అందుకున్నాడు. ఆ తర్వాత పెళ్ళయింది.

కౌంటర్లో కూర్చోబెడితే ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు అది. ఖాళీ దొరికినప్పుడల్లా కింది అంతస్తులో ఉన్న వేర్ల గదికి పోయేదట. అక్కడ పనిచేసే పెద్దాయన రిటైరై వెళ్ళిపోతే, ఇంకెవరూ ఆ తడి గదిలోకి రామంటే, ఇది నేను వెళ్తానంది. నేనూ వెళ్ళి చూశాను. గోడ పొడుగునా సింకులు, సన్నటి జల్లెడలు, ఎనామిల్ బేసిన్లు, కింద నుంచి దీపం వెలిగే ఒక గాజు బల్ల. పని వినడానికి చాలా తేలిక. కుండీలోంచి మొక్కను మట్టితో సహా తీసి, నీళ్ళలో నానబెట్టి, సన్నటి ధారతో మట్టంతా కడిగెయ్యాలి. ఒక్క పోగు కూడా తెగకూడదు. తర్వాత వేరును గాజుబల్ల మీద నీళ్ళలో పరిచి, కొమ్మ కొమ్మా కొలవాలి. నేనొకసారి ప్రయత్నించాను. నా చేతిలో ఆ వేరు పీచు పీచు అయిపోయింది. మా కోడలు పక్కకు జరగమని చేత్తో చూపించింది. నాకు ఒళ్ళు మండింది కానీ చూస్తూ నిలబడ్డాను. దాని చేతిలో ఆ వేరు జుట్టు విప్పుకున్నట్టు నీళ్ళలో మొత్తం విచ్చుకుంది. దాని వేళ్ళు మాత్రం ఎప్పుడు చూసినా నాని, ముడతలు పడి, గోళ్ళ పక్కన పగిలి ఉంటాయి. రాత్రి నేనే కొబ్బరి నూనె సీసా ముందు పెట్టి, రాసుకునేదాకా ఊరుకోను.

ఇంతకీ ఆ కొలవడం ఎందుకని అడిగాను ఒకరోజు, అన్నం తింటున్నప్పుడు.

"అత్తయ్యా, మొక్క వేరు ఒక పక్క మట్టిలో తిండి దొరక్కపోతే ఏం చేస్తుందో తెలుసా? ఒక చిన్న ముక్క తయారుచేసి పైకి పంపుతుంది. పెప్టైడ్ అంటారు. ప్రొటీనుకు చిట్టి తమ్ముడనుకోండి. అది ఆకుదాకా పోతుంది. ఆకు వెంటనే, తిండి ఉన్న పక్క వేరుకు 'నువ్వు ఎక్కువ లాగు' అని కబురు పంపుతుంది."

"ట్రంకాల్ అన్నమాట," అన్నాను.

"అంతే. వేరు ఆకుకు ఫోన్ చేస్తుంది, ఆకు ఇంకో వేరుకు కలుపుతుంది."

అంతకుముందు దాకా నాకు అదంతా పనికిమాలిన మట్టిపని. ఆ మాట విన్నాక మాత్రం నా బుర్రలో దీపం వెలిగింది. ఇలాంటి ముక్కలు చాలా రకాలున్నాయట. కొన్ని వేరును ఆగమంటాయి, కొన్ని పక్క కొమ్మలు వెయ్యమంటాయి. ఒకే ముక్క కొంచెమైతే ఒక మాట, ఎక్కువైతే ఇంకో మాట చెబుతుందట. అందులో ఒకదాన్ని బయట తయారుచేసి, టమాటా నారుకు పోసే నీళ్ళలో కలిపితే నారుకు పక్క వేర్లు గుబురుగా వస్తాయనీ, పొలంలో నాటాక తక్కువ ఎరువుతోనే నిలదొక్కుకుంటుందనీ దాని నమ్మకం. నమ్మకమంటే మామూలుది కాదు, ఉడుంపట్టు.

కేంద్రంలో పెద్ద ఆఫీసరు మంచివాడే. కానీ ఆయన మీద కూడా పైవాళ్ళున్నారు. ఒక సీజను చేసి చూపించమన్నాడు. ఫలితం కనబడకపోతే వేర్ల గది మూసేసి విత్తనాల కోల్డ్ స్టోరేజి చేస్తామనీ, మా కోడలు మళ్ళీ ప్యాకెట్ల కౌంటర్‌కు వెళ్ళాలనీ ముందే చెప్పేశాడు. జీతంలో తేడా లేదు. "పైగా కౌంటర్లో ఫ్యానుంటుంది," అన్నాడు మా వాడు, నవ్వించబోయి. అది నవ్వలేదు. ఆ గది పోతే తన చేతులు నరికేసినట్టే అన్నది నాతో. అది అంత మాట అనడం నేను అప్పుడే విన్నాను.

కేంద్రంలో మొక్కలు పెంచే గాజు ఇంట్లో వరసలుగా కుండీలు పెట్టింది. కొన్ని వరసలకు పెప్టైడ్ కలిపిన నీళ్ళు, కొన్నిటికి మామూలు నీళ్ళు. రెండూ పోల్చి చూస్తే తేడా తెలుస్తుందని. సెలవు రోజున కూడా తనే వెళ్ళి పోసేది. సీజను చివర వేర్లు కడిగి, బల్ల మీద పరిచింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన దాని ముఖం చూసి చేతిలో పని పక్కన పెట్టేశాను. చెప్పులు విప్పకుండానే గుమ్మం దగ్గర కూర్చుండిపోయింది.

"తలకిందులైంది అత్తయ్యా. మందు పోసినవి గిడసబారిపోయాయి. మామూలు నీళ్ళు పోసినవే గుబురుగా ఉన్నాయి. నేను పోసింది మందు కాదు, విషం."

నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది. ఆ కోపం మీద "లేచి కాళ్ళు కడుక్కో, ముందు అన్నం తిను" అని కసిరాను. నాకు ఓదార్చడం అలాగే వచ్చు.

పెద్ద ఆఫీసరు కూడా చూసి, సానుభూతిగా భుజం తట్టాడట. వచ్చే నెల మీటింగులో మూసేసే సంగతి రాయించేస్తామన్నాడు. గాజు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. మా కోడలు ఖాళీ చేస్తోంది. వరసల్లో పట్టక మిగిలిపోయిన నారు కొంత స్టోరు గోడ పక్కన పడి ఉందట. అదే విత్తనం, అదే మట్టి. తోటమాలి పైపుతో నీళ్ళు కొట్టేవాడు, అంతే. ఇంకెవరైనా అయితే ఎత్తి చెత్తలో పోస్తారు. ఇది ఊరుకుంటుందా? వేరు కనబడితే కడగకుండా ఉండలేదు. కడిగింది. చూస్తే, పక్క కొమ్మలు పలచగా, అక్కడొకటి ఇక్కడొకటి.

ఆ రోజు ఇంటికి రాగానే వంటింట్లోకే వచ్చేసింది, నేను కూర తరుగుతుంటే.

"ఇదీ మామూలు నీళ్ళే, అదీ మామూలు నీళ్ళే. అదెందుకు గుబురుగా ఉంది అత్తయ్యా?"

"నన్నడిగితే?"

"మిమ్మల్ని కాదు, నన్ను నేనే అడుగుతున్నాను."

రెండు మూడు రోజులు ఇల్లంతా నిప్పులు తొక్కినట్టు తిరిగింది. ఎండ తేడానా అంది, కుండీ తేడానా అంది, ఒక్కొక్కటే కాదని తేల్చుకుంది. చివరికి నీళ్ళ క్యాను దగ్గర ఆగింది. మొదట్లో రెండు క్యాన్లు ఉండేవి, మందుకొకటి, మామూలు నీళ్ళకొకటి. సీజను మొదట్లోనే ఒకటి కారిపోవడం మొదలైంది. కొత్తది రావడానికి ఆలస్యమవుతుందని, ఉన్న ప్లాస్టిక్ క్యానుతోనే ముందు మందు వరసలకు పోసి, దాన్ని బాగా కడిగి, అదే క్యానుతో మామూలు నీళ్ళు పోసింది. ఎరువైతే కడిగితే పోతుంది. ఈ పెప్టైడ్ ప్లాస్టిక్‌ను పట్టుకుని ఉండిపోయి, కొద్దికొద్దిగా నీళ్ళలోకి దిగుతుందని దానికి అనుమానం. అంటే మామూలు నీళ్ళ వరస అసలు మామూలుది కాదు. దానికి అందింది కూడా మందే, కాకపోతే రవ్వంత. ఆ రవ్వంతే సరైన మోతాదు. మిగతా వరసలకు మా కోడలు ప్రేమకొద్దీ మోతాదు మించి పోసింది.

"అనుమానం సరే. మరి రుజువు?" అన్నాడు మా వాడు.

రుజువు చెయ్యడానికి గాజు ఇల్లు లేదు. దాంతో నా బాల్కనీ మీద పడింది. నేను ఒంటికాలి మీద లేచాను. నా బట్టలు ఎక్కడ ఆరెయ్యాలి? నా కుర్చీ ఎక్కడ వేసుకోవాలి? నేను అరుస్తూనే ఉన్నాను, అది ట్రేలు మోసుకొస్తూనే ఉంది. గోడకు చెప్పినట్టే. చివరికి నేనే తీగ విప్పి హాల్లో కట్టుకున్నాను. నెల రోజులు మా ఇంటికి ఎవరు వచ్చినా తడి దుప్పట్ల కింద నుంచి వంగి రావాల్సి వచ్చింది.

అప్పుడు అది నన్ను ఒక పని అడిగింది. రెండు బిందెల్లో నీళ్ళు పెట్టింది, రోజూ కొత్తగా నింపి పెడతానంది. ఒకదాంట్లో కొళాయి నీళ్ళు, రెండోదాంట్లో, మందు పోసి ఖాళీచేసిన ఆ క్యానును బాగా కడిగి, అందులో రాత్రంతా ఉంచిన నీళ్ళు. "ఏ ట్రేకు ఏ నీళ్ళు పోస్తారో మీ ఇష్టం. ఒకసారి అనుకున్నాక మార్చకండి. నాకు మాత్రం చెప్పకండి. నాకు తెలిస్తే నా కళ్ళు నాకు కావలసిందే చూస్తాయి," అంది.

మా వాడు పగలబడి నవ్వాడు. "అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, అమ్మకా చెప్పొద్దంటున్నావు?"

ఒరేయ్, అని మొదలుపెట్టాను. ఎన్నేళ్ళు ఎన్ని ఇళ్ళ గుట్టు ఈ చెవుల్లో పడింది రా? ఎవడి పెళ్ళి చెడింది, ఎవడి ఉద్యోగం ఊడింది, అన్నీ నాకు అవతలివాళ్ళకంటే ముందే తెలిసేవి. ఒక్క ముక్క బయటికొచ్చిందా? ఇంట్లో నోరు ఎంతైనా వాగుతుంది. డ్యూటీలో వాగదు. ఇది డ్యూటీ.

నిజం చెప్పొద్దూ, చాలా కష్టమైంది. రోజూ పొద్దున్నే దాన్ని బాల్కనీలోకి రానివ్వకుండా తలుపేసి నీళ్ళు పోసేదాన్ని. ఒక ట్రే మొక్కలు నిటారుగా, ముదురు పచ్చగా ఎక్కిరావడం నాకు కనబడుతూనే ఉంది. నా పెదాల దాకా వచ్చేది. కాఫీ తాగేసి మింగేదాన్ని. అది నా ముఖం వంక చూసేది, నేను పేపరు అడ్డం పెట్టుకునేదాన్ని.

వేర్లు మా స్నానాలగదిలో కడిగింది. టబ్బులో పరిచింది. కొలిచింది. అంతా అయ్యాక లేచి నిలబడి, కిటికీ వైపున్న ట్రే చూపించి, "ఇది క్యాను నీళ్ళు," అంది. అడగలేదు, చెప్పింది.

"అవును," అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నెల ఆగాను.

మా వాడు ఎగిరి గంతేశాడు. కోడలు మాత్రం టబ్బు అంచు మీద కూర్చుంది. "ఇప్పుడు ఇంకో సంగతుంది అత్తయ్యా. ఇది చెప్పాలంటే, సీజనంతా పాడైంది నా వల్లేనని చెప్పాలి. పైవాళ్ళ ముందు. క్యాను సరిగ్గా చూసుకోని దానికి గది ఎందుకిస్తారు?"

మాట్లాడకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. పరువుగా కౌంటర్‌కు వెళ్ళిపోవచ్చు. మా వాడు అదే అన్నాడు కూడా, దాని బాధ చూడలేక. అది వినలేదు. తప్పు చెప్పకుండా ఫలితం ఒక్కటే చెప్పడం కుదరదంది. రెండూ ఒకే మాటంది. నేను దాన్ని అప్పటిదాకా మొండిది అనేదాన్ని. ఆ రోజు నుంచి ఆ మాట అనడం మానేశాను.

మీటింగు రోజు నేనూ వెళ్ళాను. కడిగిన వేర్లు నీళ్ళలో పెట్టిన ట్రేలు రెండు, చేతులు రెండే. ఒక్కొక్క ట్రేకు రెండు చేతులు కావాలి. మా వాడికి ఎక్కడో లిఫ్టు ఆగిపోయింది. కాబట్టి ఒక ట్రే నా ఒళ్ళో పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను. పొడుగాటి బల్ల, దాని చుట్టూ పెద్దవాళ్ళు, ఏసీ చలి. ట్రేలో నీళ్ళు ఒలక్కుండా అంచులు గట్టిగా పట్టుకున్నాను.

మా కోడలు లేచి ముందు తప్పు చెప్పింది, తర్వాత ఫలితం చెప్పింది. గొంతు ఎక్కడా తడబడలేదు. రెండు ట్రేల వేర్లూ బల్ల మీద పరిచి చూపించింది. పెద్ద ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే మామూలు నీళ్ళ వరస పాడుచేసింది..."

"నేనేనండి. క్యాను కడిగింది నేను, కడిగితే చాలనుకున్నది నేను. ఇంకొకరి ప్రమేయం లేదు."

బల్ల చివర కూర్చున్న ఒక ఆఫీసరమ్మ ముందుకు వంగింది. "మీరు చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు కదా?"

"మీకు తెలిసేది కాదండి. కానీ ఇది పనికిరాదని మీరు ఫైలు మూసేసేవారు. ఇది పనికొస్తుంది. పనికొచ్చేదాన్ని పనికిరాదని నా పరువు కోసం మూయించలేను."

ఆఫీసరమ్మ వెనక్కి ఆనుకుని ఏదో రాసుకుంది. నాకు మాత్రం లేచి నిలబడి ఇది నా కోడలు అని ఆ గదంతా వినబడేట్టు చెప్పాలనిపించింది. ట్రే కూడా అప్పటికే బల్ల మీదికి పోయింది, అడ్డమేమీ లేదు, కానీ ఇది దాని డ్యూటీ అని బెంచీ మీదే కూర్చున్నాను.

వాళ్ళలో వాళ్ళు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి ఇంకొక్క సీజను ఇచ్చారు. షరతులు పెట్టారు. మామూలు నీళ్ళు, రవ్వంత మందు, ఎక్కువ మందు, మూడు రకాల వరసలకూ క్యాన్లు విడివిడిగా ఉండాలి. నీళ్ళు స్టోరు కీపరు పొయ్యాలి, వేర్లు వేరే ల్యాబులో పనిచేసే అమ్మాయి కడిగి కొలవాలి, మా కోడలు దేన్నీ ముట్టుకోకూడదు. ఈసారి తేడా కనబడకపోతే మళ్ళీ మాట లేదు, గది పోతుంది.

"నేనే అడుగుదామనుకున్నానండి," అంది మా కోడలు.

ముట్టుకోకూడదన్నది దానికి ఎంత శిక్షో వాళ్ళకేం తెలుసు? ఆ సీజనంతా అది గాజు ఇంటి బయట నిలబడి చూసేది. ఇంట్లో చేతులు ఊరుకోక నా కొత్తిమీర కుండీలన్నీ పీకి, వేర్లు కడిగి, మళ్ళీ నాటింది. సగం చచ్చాయి. నేను ఒక్క మాట అనలేదు. కావాలంటే మా వాణ్ణి అడగండి.

కొలిచే రోజు నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. మధ్యాహ్నం భోజనం పట్టుకొచ్చానన్న వంక పెట్టుకుని వేర్ల గది ముందు స్టూలు వేసుకున్నాను. లోపల ఆ అమ్మాయి ఒక్కొక్క వరస కొలత చదువుతోంది. పెద్ద ఆఫీసరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మా కోడలు గోడకు ఆనుకుని ఉంది. అంతా చదివాక స్టోరు కీపరును పిలిచి ఏ వరసకు ఏ నీళ్ళు పోశావని అడిగారు. అతను జేబులోంచి కాగితం తీసి చదివాడు. ఎక్కువ మందు పోసిన వరస గిడసబారింది. మామూలు నీళ్ళ వరస స్టోరు గోడ పక్కన పడి ఉన్న నారులాగే పలచగా ఉంది. రవ్వంత మందు పోసిన వరసే అన్నిటికంటే గుబురు. నా బాల్కనీలో వచ్చినంత తేడా లేదు. కానీ ఉంది, ప్రతి కుండీలోనూ ఉంది.

పెద్ద ఆఫీసరు ఒకటికి రెండుసార్లు గాజుబల్ల మీద వంగి చూశాడు. "గది ఉంటుందమ్మా. గదిలో నువ్వూ ఉంటావు," అన్నాడు. "పైవాళ్ళను తీసుకొచ్చి చూపిస్తాను, ఇక్కడే ఉండు."

"సరేనండి," అంది మా కోడలు. అందరూ బయటికి వచ్చేదాకా ఆగింది. నేను భోజనం క్యారియరు పట్టుకుని తలుపులోంచి తొంగిచూశాను. సింకు దగ్గరికి వెళ్ళి కొళాయి పూర్తిగా తిప్పింది. దాని భుజాలు అదురుతున్నాయి. తప్పు ఒప్పుకున్న రోజున కూడా కంటతడి పెట్టని మనిషి, సింకు అంచు పట్టుకుని వంగి వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాకూ కళ్ళు నిండాయి. లోపలికి వెళ్ళబోయి ఆగాను. ఆ ఏడుపు దాని సొంతం. అది సంపాదించుకున్నది. తలుపు దగ్గరికి లాగి, స్టూలు పక్కకు తోసి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

కాసేపటికి పెద్ద ఆఫీసరు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

"ఇప్పుడు లోపలికి రావడానికి వీల్లేదండి," అన్నాను. ఎక్స్ఛేంజిలో లైను ఖాళీ లేదని చెప్పే గొంతుతోనే అన్నాను.

ఆయన ఆగాడు. "ఏమైందమ్మగారూ?"

"పని జరుగుతోంది. నా కోడలు వేర్లు కడుగుతోంది. తెగిపోతే మీరు పూచీ పడతారా?"

వెనకాల కొళాయి హోరు వినబడుతోంది. ఆయన ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నాడు, తర్వాత నా ముఖం చూశాడు. "ముందు గాజు ఇల్లు చూద్దాం రండి," అని వాళ్ళను మెట్లవైపు తిప్పాడు.

లోపల కొళాయి కట్టేసేదాకా నేను ఆ గుమ్మంలోంచి కదల్లేదు.